కేస్ స్టడీ: తాండూరు బండల ఇల్లు, రెండు పిల్లులు, ఒక లాబ్రడార్

ఇంట్లో పెంపుడు జంతువుల వాసన భరించలేకపోతున్నామని మా క్లినిక్‌కి ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "ఏం స్ప్రే కొట్టమంటారు డాక్టర్ గారూ?" నేను తిరిగి అడిగేవి మూడు. ఏ జంతువు నుంచి వస్తోంది? ఇంట్లో ఏ చోటు నుంచి? ఎప్పటి నుంచి? ఈ మూడింటికీ జవాబు దొరక్కుండా ఏం కొట్టినా డబ్బు దండగే. కొన్నిసార్లు ఉన్న వాసన ఇంకా ముదురుతుంది కూడా. కింద రాసిన కేసులో సరిగ్గా అదే జరిగింది. కుటుంబం అనుమతితో, వాళ్లెవరో బయటపడకుండా రాస్తున్నాను.

సికింద్రాబాద్ వైపు ఒక పాత ఇండిపెండెంట్ ఇల్లు. పైన ఓనర్లు ఉంటారు, కింది పోర్షన్‌లో వీళ్లు అద్దెకుంటారు. భార్యాభర్తలు, ఆయన తల్లి, డిగ్రీ చదువుతున్న కూతురు. వాళ్లతోపాటు ఏడేళ్ల ఆడ లాబ్రడార్, రెండేళ్ల గండుపిల్లి, దానికంటే కాస్త పెద్దదైన ఆడ పిల్లి. ఆడ పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, గండుపిల్లికి కాలేదు. "పాపం, మగది కదా, దానికెందుకు" అనుకున్నారట. ఇల్లంతా తాండూరు బండలు, మధ్య సందుల్లో పాత సిమెంటు.

వర్షాకాలం మొదలయ్యాక మెట్లెక్కే ఓనర్లకి కూడా వాసన తగలడం మొదలైంది. నెలలోపు వాసన పోవాలి, లేదంటే జంతువులనైనా పంపించాలి, ఇల్లైనా ఖాళీ చెయ్యాలి అని చెప్పేశారు. ఇంట్లో అందరూ తప్పు కుక్క మీదే వేశారు. పెద్దది, మీదకొస్తుంది, వాసన దాని దగ్గరే తెలుస్తుంది. ఎవరికైనా ఇచ్చేద్దామా అనే దాకా వచ్చింది వ్యవహారం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. వాసన వస్తోందన్న ఒక్క కారణంతో జంతువును తీసుకెళ్లి ఏ మార్కెట్ వెనకో, ఏ చెరువు గట్టునో వదిలి వచ్చేవాళ్లున్నారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం తిండీ నీళ్లూ లేక అల్లాడేలా జంతువును వదిలెయ్యడం నేరం. అంతకంటే ముందు, ఆ వాసన చాలాసార్లు ఆ జంతువుకున్న జబ్బుకి గుర్తు. జబ్బు చేసినదాన్నే బయటకి గెంటుతున్నామన్నమాట.

అప్పటిదాకా వాళ్లు చేసినవి

రెండు పూటలా ఫినాయిల్‌తో నేల తుడవడం. వారానికోసారి బాత్రూమ్ యాసిడ్ నీళ్లలో కలిపి హాల్ మూలలు రుద్దించడం. పొద్దున్నే సాంబ్రాణి, మధ్యాహ్నం రూమ్ ఫ్రెషనర్. షూ స్టాండ్ వెనక కలరా ఉండలు. వీధి పిల్లి రాకుండా గేటు దగ్గర నీలిమందు కలిపిన నీళ్ల సీసాలు. కుక్కకి వారానికి రెండు స్నానాలు, ఇంట్లోవాళ్లు వాడే షాంపూతోనే. దోమలు రాకుండా, పిల్లులు బయటికి పోకుండా కిటికీలు దాదాపు ఎప్పుడూ మూసే.

కష్టపడలేదని ఎవరూ అనలేరు. ఆ ఇంటి ఇల్లాలు రోజుకి రెండు గంటలు దీనికే పెట్టేది. కానీ ఇందులో కొన్ని పనికిరానివి, కొన్ని ప్రమాదకరమైనవి. ఎందుకో ముందుకెళ్లాక చెబుతాను.

వాసన వెతకడం

ఇంట్లోవాళ్ల ముక్కును నమ్మకూడదు. ఒకే వాసనలో గంటల తరబడి ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. పెద్దావిడ "మాకేం రావట్లేదు నాయనా, పైవాళ్లే ఎక్కువ చేస్తున్నారు" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, నిజంగానే తెలియడం లేదు. అందుకని కూతురికి ఒక పని అప్పగించాను. కాలేజీ నుంచి వచ్చి తలుపు తియ్యగానే మొదటి శ్వాసలో ఏ వైపు నుంచి వాసన వచ్చిందో, ఎలాంటి వాసనో ఫోన్‌లో రాసుకోమన్నాను. ఘాటుగా ముక్కుకెక్కేదా, పులిసినట్టుందా, చేపల కంపులా ఉందా అని విడదీసి రాయమన్నాను. ఆ పిల్ల శ్రద్ధగా రాసింది. చూస్తే మూడు వేర్వేరు వాసనలు, మూడు వేర్వేరు చోట్లు. కేసు సగం అక్కడే తెలిసిపోయింది.

ఒక సాయంత్రం చీకటి పడ్డాక లైట్లన్నీ ఆర్పేసి అతినీలలోహిత టార్చ్‌తో ఇల్లంతా వెతికాం. ఎండిన మూత్రం ఈ వెలుగులో పసుపు పచ్చగా మెరుస్తుంది. డిటర్జెంట్ మరకలు, కొన్ని రకాల గుడ్డలు కూడా మెరుస్తాయి కాబట్టి, మెరిసిన ప్రతి చోటా వంగి వాసన చూసి సుద్దముక్కతో గీత పెట్టుకోవాలి.

హాల్ కిటికీ కింద గోడ మీద నేల నుంచి జానెడు ఎత్తులో మొదలై కిందికి జారిన చారలు కనిపించాయి. షూ స్టాండ్ పక్కన, సోఫా వెనక గుడ్డ మీద, గుమ్మం చెక్క అడుగున కూడా అవే. చారలన్నీ దిగి కలిసేది బండల మధ్య సందుల్లోకి. ఆ సందులు గీతల్లా మెరుస్తూ గది మధ్య దాకా వచ్చాయి. బాత్రూమ్ ముందున్న కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ మాత్రం వేరే కథ. అక్కడ గోడ మీద ఏమీ లేదు, మ్యాట్ మీదే చిన్న చిన్న మరకలు, ఒకదాని మీద ఒకటి.

ఈ తేడా చాలా ముఖ్యం. నిలువు గోడ మీద పడింది అంటే పిల్లి నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ వెనక్కి చిమ్మింది. అది మూత్రం ఆపుకోలేక చేసింది కాదు, "ఇది నా చోటు" అని మిగతా పిల్లులకి పెట్టిన గుర్తు. నేల మీద చతికిలబడి కొద్దికొద్దిగా పోసింది అంటే మాత్రం ముందు జబ్బు అనుమానించాలి. రెండూ పిల్లి మూత్రమే అయినా వైద్యం పూర్తిగా వేరు.

జంతువుల్లో కనిపించింది

గండుపిల్లి ఆరోగ్యంగానే ఉంది. దాని టెన్షన్ అంతా కిటికీ అవతల. రాత్రిళ్లు కాలనీ గండుపిల్లి ఒకటి కాంపౌండ్ గోడ మీదికొచ్చి కూర్చుంటుంది. ఇంట్లోది కిటికీ దగ్గర నుంచి చూసి, వెనక్కి తిరిగి గోడ మీద చిమ్మి వెళ్తుంది. గుర్తులన్నీ కిటికీ నుంచి గుమ్మం దాకా వరసగా ఉండటానికి కారణం ఇదే. నీలం సీసాలు ఏ పిల్లినీ ఆపలేదు. ఆపవు కూడా.

గండుపిల్లి మూత్రం మిగతావాటికంటే ఘాటుగా ఎందుకుంటుందో చాలామందికి తెలియదు. పిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఆపరేషన్ కాని మగపిల్లుల్లో ఇది బాగా ఎక్కువ. దీని తయారీని కాక్సిన్ అనే ప్రోటీన్ నడిపిస్తుందని 2006లో జపాన్ పరిశోధకులు చూపించారు. బయటపడ్డాక ఫెలినైన్ మెల్లగా విరిగి గంధకం ఉన్న పదార్థాలుగా మారుతుంది. ఇంకోవైపు మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. అందుకే అప్పుడే పడిన మూత్రం కంటే నాలుగు రోజుల కిందటిది ఎక్కువ కంపు కొడుతుంది. ఎండిన లవణాలు తేమ తగిలితే మళ్లీ వాసన వదులుతాయి. వానాకాలంలో పాత ఇళ్లలో వాసన తిరగబెట్టేది ఇందుకే.

ఆడ పిల్లికి మూత్ర పరీక్ష, అల్ట్రాసౌండ్ చేశాం. రాళ్లు లేవు, సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షలో బ్యాక్టీరియా రాలేదు. మూత్రాశయం గోడ మందంగా ఉంది, మూత్రంలో కొద్దిగా రక్తకణాలు. ఫీలైన్ ఇడియోపతిక్ సిస్టైటిస్ అంటాం దీన్ని, అంటే కచ్చితమైన కారణం దొరకని మూత్రాశయం వాపు. సూక్ష్మజీవి వల్ల వచ్చేది కాదు, దీనికి ఒత్తిడితో గట్టి సంబంధం ఉంది. చిన్న వయసు పిల్లుల్లో మూత్రం ఇబ్బందులకి ఎక్కువగా కనిపించే కారణం ఇదే, అందుకే పరీక్ష లేకుండా యాంటీబయాటిక్ వాడటం దండగ. దీని ఒత్తిడికి కారణాలు వెతుక్కోవాల్సిన పని లేదు. గండుపిల్లి వెంటపడుతుంది. రెండింటికీ కలిపి మలమూత్రాలకి ఒకటే టబ్బు (లిట్టర్ బాక్స్), అదీ వాషింగ్ మెషిన్ పక్కన. మెషిన్ స్పిన్ మొదలుపెడితే పిల్లి అక్కడి నుంచి పారిపోవాల్సిందే. టబ్బులో వేసింది ఇల్లు కట్టే ఇసుక. ఇసుక ఉండ కట్టదు, మూత్రం అడుక్కి దిగి అక్కడే మురుగుతుంది. మనమే ముక్కు మూసుకునే చోటికి, మనకంటే ఎన్నో రెట్లు చురుకైన ముక్కున్న పిల్లి ఎందుకు వెళ్తుంది? బాత్రూమ్ ముందున్న మెత్తటి మ్యాట్ దానికి నయమనిపించింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. మగపిల్లి పదే పదే లిట్టర్ బాక్స్‌లో కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే అది మూత్రనాళం మూసుకుపోవడం. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక అందరూ నిందించిన లాబ్రడార్. రెండు చెవుల్లో గోధుమ రంగు గులిమి, కాళ్ల వేళ్ల మధ్య, మెడ మడతల్లో జిడ్డు, పులిసిన పిండి వాసన. గులిమిని స్లయిడ్ మీద రుద్ది రంగు వేసి చూస్తే మలసీజియా అనే ఈస్ట్, అంటే ఒక రకం శిలీంధ్రం, గుంపులు గుంపులుగా కనిపించింది. ఇది దాదాపు ప్రతి కుక్క చర్మం మీదా కొద్దిగా ఉండేదే. చర్మం తడిగా, జిడ్డుగా ఉంటే పెరిగిపోతుంది. లాబ్రడార్‌కి రెండు పొరల బొచ్చు ఉంటుంది. రాత్రి స్నానం చేయించి పైపైన తుడిచి బొంత మీద పడుకోబెడితే లోపలి పొర తెల్లారినా ఆరదు. అంటే వాసన పోవాలని చేయించే స్నానమే వాసనని పెంచింది. చేపల కంపు మలద్వారం పక్కనుండే గ్రంథులది. అవి నిండిపోయి ఉంటే ఖాళీ చేశాం. పళ్ల మీద గార కూడా ఉంది కానీ, దాన్ని తర్వాతకి పెట్టుకున్నాం.

ఫినాయిల్, యాసిడ్ ఏం చేశాయి

తాండూరు బండ సున్నపురాయి. ఇంటివాళ్లకీ, పనికి వచ్చే ఆవిడకీ చూపిద్దామని పెరట్లో పడి ఉన్న ఒక బండ ముక్క మీద వాళ్లు వాడే యాసిడ్ రెండు చుక్కలు వేశాను. బుసబుసమని తెల్లటి నురగ వచ్చింది. నీళ్లు పోసి కడిగి, వేలితో రాసి చూడమన్నాను. చుట్టూ నున్నగా ఉంది, చుక్క పడిన చోట గరుకుగా, చిన్న గుంటలా తగిలింది. హాల్ మూలల్లో నెలల తరబడి జరిగింది ఇదే. పైపొర తినేసి, బండలకి కొత్త రంధ్రాలు తెరిచి, మూత్రం ఇంకా లోతుకి దిగేలా దారి చేశారు. సందుల్లోని సిమెంటు కూడా అలాగే గుల్లబారింది. "మూత్రం వాసనకి వెనిగర్ పోయండి, నిమ్మకాయ రుద్దండి" అని తేలిగ్గా చెప్పేస్తుంటారు. సిరామిక్ టైల్స్ మీద పరవాలేదు. తాండూరు, షాబాద్, కడప బండల మీద, పాలరాయి మీద వద్దే వద్దు. వెనిగర్, వంట సోడా కలిపి పోస్తే వచ్చే నురగ చూసి మురిసిపోవడమూ అనవసరం. ఒకదాన్ని ఒకటి చంపేసుకోగా మిగిలేది ఇంచుమించు ఉప్పునీళ్లు.

యాసిడ్‌లో బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూత్రం నిలిచిన చోట బ్లీచింగ్ పోస్తే అమ్మోనియాతో కలిసి క్లోరమైన్లు అనే విష వాయువులు వస్తాయి. తలుపులు మూసిన ఇంట్లో ఇవి మనుషులకీ జంతువులకీ ప్రమాదమే.

ఫినాయిల్ గురించి గట్టిగా చెప్పాలి. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటకి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి, కాళ్లు నాక్కుంటే అది నేరుగా కడుపులోకే పోతుంది. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే యాంటిసెప్టిక్‌లు, పైన్ నూనె క్లీనర్లు, టీ ట్రీ నూనె, కలరా ఉండలు, కర్పూరం, ఇవన్నీ పిల్లులున్న ఇంట్లో దూరం పెట్టాల్సినవే. మూసిన గదిలో సాంబ్రాణి పొగ పిల్లి ఊపిరితిత్తులకి మంచిది కాదు. పెద్దావిడ పూజ గది మానుకోలేరు, మానుకోమనలేదు కూడా. పూజ గది తలుపు మూసి, కిటికీ తీసి సాంబ్రాణి వేసుకోమన్నాను.

శుభ్రం చేసిన తీరు

ముందు ఫినాయిల్ అవశేషాలు పోవాలి. వాసన విరిచే ఎంజైమ్ క్లీనర్లలో చాలావాటిలో పనిచేసేది హాని చేయని బ్యాక్టీరియా. ఫినాయిల్ ఉన్నదే బ్యాక్టీరియాను చంపడానికి. రెండూ ఒకేచోట ఉంటే ఎంజైమ్ క్లీనర్ డబ్బులు నీళ్లపాలు. రెండు రోజులు ఉత్త గోరువెచ్చటి నీళ్లతో సందులు కడిగి, ఫ్యాన్ కింద ఆరనిచ్చారు. తర్వాత సుద్ద గీతలున్న ప్రతి చోటా క్లీనర్‌ను తుడవకుండా పోశారు. మూత్రం ఎంత లోతుకి దిగిందో అంత లోతుకి ఇదీ దిగాలి, అక్కడ తడిగా ఉండాలి. పైన పాలిథిన్ కవర్ పరిచి రాత్రంతా ఉంచి, పొద్దున తీసి ఆరబెట్టారు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. స్ప్రే కొట్టి రెండు నిమిషాల్లో తుడిచేసి, పని చెయ్యలేదంటారు. మొదటి రాత్రి తర్వాత వాసన కొంచెం ఎక్కువైనట్టనిపించింది. లోపలున్నది తడిసి పైకొస్తుంది కాబట్టి అది మామూలే. మూడో విడతకి సందులు చాలావరకు శాంతించాయి.

కిటికీ కింద మూల మాత్రం లొంగలేదు. సిమెంటు గుల్లైపోయింది మరి. ఓనర్‌తో నేనే మాట్లాడాను. జంతువుల్ని పంపించినా ఈ మూల వాసన పోదని, బండ కింద దిగినది అలాగే ఉంటుందని చెప్పి, కూతురు సుద్దతో గీసిన గీతలు చూపించాను. ఆయన ఒప్పుకున్నారు. మేస్త్రీ ఆ నాలుగు బండల సందులు గీకి, పాత సిమెంటు తీసేసి, ఆరాక ఎపాక్సీ గ్రౌట్ (తడి పీల్చని, సందులు నింపే ముద్ద) నింపాడు. యాసిడ్ తినేసిన బండలకి రాయిలోకి ఇంకి రంధ్రాలు మూసే సీలర్ పట్టించారు. గుమ్మం చెక్క అడుగుభాగానికి ఎప్పుడూ రంగు వెయ్యలేదు, అది స్పాంజిలా పీల్చింది. గరుకు కాగితంతో రుద్ది పెయింట్ వేశారు. కొబ్బరి పీచు మ్యాట్, కుక్క బొంత పారేయించాను. సోఫా వెనక వైపు ఫోమ్ మార్పించాను. ఫోమ్ లోపలికి దిగిన పిల్లి మూత్రాన్ని పూర్తిగా తియ్యడానికి పెట్టే డబ్బుకి కొత్త ఫోమ్ వస్తుంది.

షూ స్టాండ్ తెల్ల ప్లాస్టిక్‌ది. దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ సరిపోయింది. మందుల షాపులో మనకి సాధారణంగా దొరికేది 6 శాతం, సమానంగా నీళ్లు కలిపి వాడాలి. రంగు గుడ్డలని వెలవెలబోయేలా చేస్తుంది కాబట్టి ముందు కనపడని చోట పరీక్షించాలి. సబ్బో సోడానో కలిపినదాన్ని మూత బిగించి దాచొద్దు, గ్యాస్‌కి సీసా పేలుతుంది.

అలవాట్లలో మార్పు

గండుపిల్లికి ఆపరేషన్ చేశాం. హార్మోన్ తగ్గేకొద్దీ మూత్రం ఘాటు తగ్గుతుంది. చిమ్మడం దాదాపు పదింటిలో తొమ్మిది పిల్లుల్లో ఆగిపోతుంది లేదా బాగా తగ్గుతుంది, కొన్నింటికి వారాలు పడుతుంది. కిటికీ కింది సగానికి మసక ఫిల్మ్ అంటించారు, బయటి పిల్లి కనపడదు. ఆ బయటి పిల్లిని కూడా కాలనీ పిల్లలు బోనులో పట్టిస్తే ఆపరేషన్ చేసి, చెవి కొస గుర్తు పెట్టి వదిలాం. గట్టి మెష్ బిగించాక కిటికీల పై సగం తెరిచారు. ఆ ఇంటికి గాలి వచ్చింది.

టబ్బుల సంగతి: పిల్లులెన్నో అంతకంటే ఒకటి ఎక్కువ. వీళ్లకి మూడు, మూడూ వేర్వేరు చోట్ల. ఖరీదైన మూతల బాక్సులు వద్దన్నాను, వాసన లోపలే మగ్గుతుంది, ఇంకో పిల్లి దారి కాచి మీదపడుతుందేమోనన్న భయమూ ఉంటుంది. బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ టబ్బుకి ఒక వైపు అంచు తగ్గించి కోస్తే చాలు. ఉండ కట్టే బెంటోనైట్ (ఒక రకం బంకమట్టి) లిట్టర్ రెండు మూడు అంగుళాల లోతు, పొద్దునా సాయంత్రం ఉండలు తీసెయ్యడం. తీసినవి టాయిలెట్‌లో వెయ్యకూడదు, పైపు బిగుసుకుపోతుంది. ఆడ పిల్లికి నొప్పి మందు కొన్నాళ్లు ఇచ్చాం, తిండి తడిగా పెట్టి, నీళ్ల గిన్నెలు పెంచాం.

లాబ్రడార్‌కి బ్యాక్టీరియానీ ఈస్ట్‌నీ చంపే క్లోర్‌హెక్సిడిన్, మైకొనజోల్ ఉన్న షాంపూ మొదట వారానికి రెండుసార్లు. నురగ పది నిమిషాలు ఉంచాలి, పగలే స్నానం, చర్మం దాకా ఆరబెట్టాలి. కర్ణభేరి బాగుందని చూసుకున్నాకే చెవి చుక్కలు. తగ్గాక నెలకో స్నానం చాలన్నాను. "నెలకా?" అని ఇల్లాలు నమ్మలేకపోయింది. చర్మం బాగుంటే కుక్కకి అంతకంటే అక్కర్లేదు.

ఫలితం

కుక్క వాసన మూడు వారాల్లో పోయింది. ఆడ పిల్లి అంతకు ముందే టబ్బు వాడటం మొదలుపెట్టింది. గండుపిల్లి నెలన్నర దాకా అడపాదడపా చిమ్మి, తర్వాత మానేసింది. దీపావళి బాణాసంచాకి భయపడి ఒకసారి సోఫా వెనక చిమ్మితే, వెంటనే ఎంజైమ్ క్లీనర్ పోసి కప్పారు, మరక నిలవలేదు. అసలు పరీక్ష మరుసటి ఏడాది తొలి వానలు. అప్పుడు గుమ్మం చెక్క కింద నుంచి సన్నగా వాసన వచ్చింది, సిమెంటులో చిన్న చీలిక దొరికింది, మేస్త్రీ దాన్నీ నింపాడు. హాల్ మూల నుంచి ఏమీ రాలేదు. ఓనర్లు అద్దె ఒప్పందం తిరగరాశారు.

కుక్క పళ్ల గార తర్వాత తీశాం. దాని చెవులు వానాకాలంలో మళ్లీ తిరగబెట్టే అవకాశముంది కాబట్టి జూన్ నుంచి అక్టోబర్ దాకా వారానికోసారి వాసన చూడమన్నాను. ఆడ పిల్లి జబ్బు కూడా ఒత్తిడి వస్తే తిరగబెట్టేదే. ఇంటికి చుట్టాలొచ్చినా, సామాన్లు మార్చినా, మూడో టబ్బును మాత్రం కదపొద్దని చెప్పాను. అది బాత్రూమ్ పక్కన, పాత మ్యాట్ ఉన్న చోటే ఉంది.